ఓటు ఒక్కటే, ఒప్పందాలు మాత్రం బోలెడు: బ్రిటన్ రైతు కథ



ఈ మధ్య ఏ రచ్చబండ దగ్గర కూర్చున్నా ఒకటే మాట. ఫలానా దేశంతో ఒప్పందం అంట, దిగుమతి సుంకం తగ్గిస్తారంట అని. సంతకం పెడితే మన పని అయిపోయినట్టే అని కొందరు, తలుపులు తీస్తేనే మన సరుకుకి రేటు అని ఇంకొందరు. ఈ వాదన బ్రిటన్ రైతులు మనకంటే ముందే చేశారు. ఏకంగా ఓటే వేశారు. వాళ్ళకి ఏమైందో తీరిగ్గా చదవండి, మనకి పనికొచ్చే ముక్క ఉంది.

ముందు మనకీ ఈ కథకీ ఉన్న పాత చుట్టరికం చెబుతాను. గుంటూరు వర్జీనియా పొగాకుకి ఒకప్పుడు బ్రిటన్ పెద్ద సంత. మనది కామన్వెల్త్ దేశం కాబట్టి అక్కడ సుంకంలో రాయితీ ఉండేది. 1973 జనవరి 1న బ్రిటన్ యూరప్ ఉమ్మడి మార్కెట్లో చేరింది, ఆ పాత రాయితీకి కాలం చెల్లింది. మన రైతుని అడిగి చేసింది కాదది. అదే న్యూజిలాండ్ వాళ్ళు ముందే మేలుకుని, తమ వెన్నకీ జున్నుకీ కొన్నేళ్ళ పాటు ప్రత్యేక కోటా రాయించుకున్నారు. ఈ 'రాయించుకోవడం' అన్న మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

చేరాక రెండేళ్ళకి, 1975లో, ఉండాలా వద్దా అని బ్రిటన్‌లో ఓటు పెడితే 67 శాతం ఉందామన్నారు. రైతుకి అప్పట్లో లాభమే కనిపించింది. యూరప్ ఉమ్మడి వ్యవసాయ విధానం పంటకి గ్యారంటీ ధర ఇచ్చేది. ఆ ధర చూసి అందరూ ఎక్కువ పండిస్తే గోదాముల్లో వెన్న కొండల్లా పేరుకుపోయింది. దాంతో 1984లో పాలకి కోటా పెట్టారు. తర్వాత్తర్వాత ధర మీద కాకుండా పొలం విస్తీర్ణం లెక్కన డబ్బు ఇవ్వడం మొదలైంది. ఒకప్పటి మన రైతుబంధు లాంటిదే అనుకోండి. ఎవరికి భూమి ఎక్కువ ఉంటే వాళ్ళకి డబ్బూ ఎక్కువే.

డబ్బు వచ్చినా కడుపులో మంట తగ్గలేదు. 1996లో పిచ్చి ఆవు జబ్బు గొడవ వచ్చినప్పుడు బ్రిటన్ గొడ్డు మాంసం ఎగుమతిని యూరప్ మొత్తంగా ఆపేసింది. 2015 నుంచి ఓ మోస్తరు పెద్ద కమతం ఉన్నవాళ్ళు మూడు రకాల పంటలు వేయాల్సిందేనన్నారు. ప్రతిదానికీ ఫారాలు, తనిఖీలు. మా పొలంలో ఏం వేయాలో బ్రస్సెల్స్‌లో కూర్చున్నవాళ్ళు చెప్పేదేంటి అన్నది అక్కడి రైతు కోపం. ఆ కోపంలో న్యాయం లేదని అనలేం.

2016 జూన్ 23న ఓటు. వాదన హోరాహోరీ. యూరప్‌కి వారానికి 35 కోట్ల పౌండ్లు పంపుతున్నాం, అది మన ఆసుపత్రులకి పెడదాం అని బస్సు మీద రాసుకుని తిరిగారు. అందులో తిరిగొచ్చే రాయితీ, రైతులకొచ్చే సాయం తీసేయలేదు. అది తప్పుదారి పట్టించే లెక్కని అక్కడి గణాంకాల సంస్థే చెప్పింది. రైతు సంఘం ఎన్‌ఎఫ్‌యూ మొత్తం మీద ఉండటమే మేలంది. వ్యవసాయ మంత్రి జార్జ్ యూస్టిస్ బయటికే మొగ్గారు. చివరికి 51.9 శాతం బయటికి అన్నారు. గొర్రెల పెంపకం మీద ఎక్కువగా ఆధారపడ్డ వేల్స్ కూడా అదే అంది.

ఇక్కడ ఆగి ఆలోచించండి. ఓటు పత్రం మీద ప్రశ్న ఒక్కటే: ఉండాలా, పోవాలా. రైతుకి తేలాల్సినవి మాత్రం మూడు: సంత, కూలీ, సాయం. ఆ మూడింటికీ జవాబు ఆ కాగితం మీద లేదు.

సంత సంగతి చూడండి. బ్రిటన్ గొర్రె మాంసంలో దాదాపు మూడో వంతు ఎగుమతి, అందులో అత్యధికం యూరప్‌కే. ఒప్పందం లేకపోతే 40 శాతం పైన సుంకం పడేది. 2020 డిసెంబర్ 24న, గడువుకి వారం ముందు, సుంకం లేని ఒప్పందం కుదిరింది. ఊపిరి పీల్చుకున్నారు గానీ, లోడు లోడుకీ పశువైద్యుడి సర్టిఫికెట్, సరిహద్దులో తనిఖీ వచ్చి పడ్డాయి. స్కాట్లాండ్ విత్తన బంగాళాదుంపకైతే యూరప్ తలుపే మూసుకుంది. చిత్రం ఏంటంటే, యూరప్ నుంచి వచ్చే ఆహార సరుకులో చాలా భాగానికి బ్రిటన్ తన తనిఖీలని 2024 దాకా వాయిదా వేస్తూనే వచ్చింది. పోయే సరుకుకి గేటు, వచ్చే సరుకుకి బాట!

కూలీలు. స్ట్రాబెర్రీలు, కూరగాయలు కోసేవాళ్ళలో ఎక్కువమంది అప్పట్లో రొమేనియా, బల్గేరియా వాళ్ళు. వాళ్ళ రాకకి అడ్డం పడింది. 2019లో 2,500 సీజన్ వీసాలతో మొదలుపెట్టి, 2021కి 30,000 చేయాల్సి వచ్చింది.

సాయం. అంతకుముందు రైతు నికర ఆదాయంలో సగటున సగానికి పైగా ఆ డబ్బే. ఇంగ్లండ్‌లో 2021 నుంచి దాన్ని ఏటా కోస్తూ వచ్చారు. బదులుగా నేలకీ పర్యావరణానికీ మేలు చేస్తే డబ్బిస్తామని కొత్త పథకాలు పెట్టారు. ఆలోచన మంచిదే. కానీ వాటిలో ముఖ్యమైనదానికి 2025 మార్చిలో ఉన్నట్టుండి కొత్త దరఖాస్తులు ఆపేశారు.

పైగా ఆస్ట్రేలియాతో ఒప్పందం. మొదటి ఏడాది 35,000 టన్నుల గొడ్డు మాంసం సుంకం లేకుండా, పదో ఏడాదికి 1,10,000 టన్నులు. అది కుదిరినప్పుడు మంత్రిగా ఉన్న అదే యూస్టిస్, పదవి దిగాక 2022 నవంబర్లో, అది బ్రిటన్‌కి అంత మంచి ఒప్పందం కాదని పార్లమెంటులోనే అన్నారు. పదవిలో ఉండగా అనాల్సిన మాట కదండీ!

అంతా నష్టమేనా అంటే కాదు. మూడు పంటల నిబంధన పోయింది. సొంత చట్టం చేసుకునే వీలొచ్చింది. కానీ 2025 మేలో మళ్ళీ యూరప్‌తోనే కూర్చుని, ఆహార తనిఖీలు తగ్గించుకునే ఒప్పందం చేసుకుందాం అన్నారు.

ఇక మన దగ్గరికొద్దాం. 2019 నవంబర్ 4న మన దేశం ఆర్‌సెప్ కూటమిలో చేరనని బ్యాంకాక్‌లో చెప్పింది. పాడి రైతుల భయం అందులో ఒక కారణం. 2025 జూలై 24న అదే బ్రిటన్‌తో ఒప్పందం మీద సంతకం చేస్తూ పాల ఉత్పత్తులు, ఆపిల్, వంటనూనెలని పక్కన పెట్టింది. రైతులు ముందే గొంతెత్తితే ఏం మిగులుతుందో ఇది చూపిస్తుంది.

కాబట్టి రేపు ఎవరైనా 'చేరదాం' అన్నా, 'బయటికొద్దాం' అన్నా, చప్పట్లు కొట్టేముందు మూడు అడగండి. నా సరుకు ఏ సంతకి, ఏ సుంకంతో పోతుంది? బయటి సరుకు ఎన్ని టన్నులు, ఏ ఏడాది నుంచి వస్తుంది? నాకు ఇస్తానన్న సాయం ఏ కాగితంలో, ఎన్నేళ్ళకి రాశారు? జవాబు కాగితం మీద లేకపోతే అది మాట మాత్రమే. దేశం మొత్తం సంతని రాసిచ్చేటప్పుడు కాగితం అడగకపోతే ఎలా?