అక్షతలూ అక్షరాలూ

వినాయక చవితి దగ్గర పడుతుంటే బజార్లో పత్రి కట్టల పక్కన పల్చటి పుస్తకాలు దొంతర్లుగా వెలుస్తాయి. వాటి వెల కొబ్బరికాయ ఖరీదుకి కాస్త అటూ ఇటూ. పూజ కాగానే దేవుడి గూట్లోకి పోతుంది పుస్తకం. మళ్ళీ ఏడాదికి అగరొత్తి మసితో బయటికొస్తుంది. ఇంట్లో ఎన్ని పుస్తకాలున్నాయని ఎవరన్నా అడిగితే దాన్ని లెక్కలో చెప్పం. కాని ఆలోచించి చూడండి. పూజా పునస్కారం ఉన్న ఇళ్ళల్లో నవల కొనని ఇల్లుంటుంది, వారపత్రిక గడప తొక్కని ఇల్లుంటుంది, వ్రతకల్పం లేని ఇల్లు మాత్రం అరుదు.

నవలలు రాసుకునేదాన్ని కనక నా కళ్ళు ముందు కథ మీదికే పోతాయి. ఈ పుస్తకాల్లో కథని ఎలా అచ్చేస్తారో ఎప్పుడన్నా గమనించారా? పుస్తకమంతా మూడు రకాల అక్షరాలు. మంత్రాలు లావుగా, వరసకీ వరసకీ మధ్య ఊపిరాడేట్టు ఉంటాయి. అక్షతలు ఎప్పుడు వెయ్యాలో, కొబ్బరికాయ ఎప్పుడు కొట్టాలో చెప్పే సూచనలు బ్రాకెట్లలో, సన్నగా. ఇక కథ వచ్చేసరికి, కాయితం ఖర్చంతా అక్కడే మిగల్చాలన్నట్టు, పేరాలన్నా సరిగా విడగొట్టకుండా కుక్కి కుక్కి పెడతారు. మంత్రం అయ్యగారి గొంతు. బ్రాకెట్లోది పక్కన కూర్చుని మెల్లగా అందించే పెద్ద ముత్తయిదువ గొంతు. మరి ఆ ఇరుకు అక్షరాల్లో ఉన్న కథ ఎవరిది?

ఈ సందేహం నాకు పూజ దగ్గర కలగలేదు. అమెరికాలో చదువుకుంటున్న మా అక్క కొడుకు సెలవులకి మహేశ్వరం వచ్చినప్పుడు వెంట తెచ్చుకున్న ఓ ఆట పుస్తకం తిరగేస్తుంటే కలిగింది. అదొక వింత ఆట. నలుగురు చుట్టూ కూర్చుంటారు. ఒకరు పుస్తకం పట్టుకుని కథ నడిపిస్తారు. తక్కినవాళ్ళు తలా ఒక పాత్ర అయిపోయి, ఒకడు వీరుడూ ఒకడు మాంత్రికుడూ అయి, 'ఇప్పుడు నేనిలా చేస్తాను' అంటారు. అది ఫలించిందో లేదో పాచికలు తేలుస్తాయి. 1974లో గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' పేరుతో మూడు చిన్న పుస్తకాలు ఒక పెట్టెలో పెట్టి అమ్మడంతో ఈ సంబరం మొదలైంది. పోను పోను ఆ పుస్తకాల్లో పైకి చదివి వినిపించాల్సిన భాగానికి చుట్టూ గీత గియ్యడం, నియమాలు పట్టికల్లో పెట్టడం, మధ్య మధ్య చిన్న కథల్ని వాలు అక్షరాల్లో అచ్చెయ్యడం ఆనవాయితీ అయింది. 1991 నాటి 'వాంపైర్: ది మాస్కరేడ్' లాంటివాటిలో కథలకి పెద్దపీటే వేశారు.

ఆ వాలు అక్షరం పుట్టింది ఇటలీలోని వెనిస్‌లో. 1501లో ఆల్డస్ మనూషియస్ అనే ముద్రాపకుడు ఓ లాటిన్ కావ్యాన్ని మొత్తం వాలు అక్షరాల్లోనే అచ్చేశాడు. నాలుగు మాటలకయితే అందంగానే ఉంటుంది, పుటలకొద్దీ అంటే కంటికి శ్రమ. మావాడు ఆ పుటలన్నీ దాటేసి నేరుగా పట్టికల దగ్గరికి పోయాడు. 'కథ ఊరికే పిన్నీ, రూల్స్ వేరే ఉన్నాయి' అన్నాడు పైగా.

ఊరికేనట! కథలు రాసి బతికే పిన్నితో అనవలసిన మాటేనా అది? అదలా ఉంచండి. మన వ్రతాల పుస్తకంలో మాత్రం కథ ఊరికే లేదు. వరలక్ష్మీ వ్రత కథ తీసుకోండి. చారుమతికి కలలో అమ్మవారు కనపడి శ్రావణ పూర్ణిమకి ముందొచ్చే శుక్రవారం పూజ చెయ్యమంటుంది. తెల్లారి ఆమె ఇరుగుపొరుగుల్ని పిలుస్తుంది. ఇల్లలికి, బియ్యం పోసి, కలశం పెట్టి, తొమ్మిది పోగుల తోరం కుడిచేతికి కట్టుకుంటుంది. మొదటి ప్రదక్షిణానికి కాళ్ళకి గజ్జెలొస్తాయి, రెండోదానికి చేతులకి కంకణాలు, మూడోదానికి ఒళ్ళంతా నగలు. ఆ చిన్నక్షరాల్ని మళ్ళీ ఒకసారి చదవండి. రోజు, వేళ, కావలసిన సరుకులు, ఎవర్ని పిలవాలి, ఎన్ని పోగులు, ఎన్ని ప్రదక్షిణలు, అన్నీ అందులోనే ఉన్నాయి. లావు అక్షరాల మంత్రాలు చించేసినా, బ్రాకెట్లు చెరిపేసినా, కథ ఒక్కటి మిగిలితే ఓ ఇల్లాలు వ్రతం చేసుకోగలదు. మావాడి పుస్తకంలో నియమం ఒక పుట, కథ ఒక పుట. మనవాళ్ళు నియమాన్ని కథలో కలిపి వండేశారు, పప్పులో ఉప్పులాగా.

అంతటి కథ సన్నక్షరాల్లోకి ఎందుకు జారింది? తాటాకుల మీద ఈ తేడా లేదు. ఆకు మీద గంటం గీసింది గీసినట్టే. పద్యం, వచనం అన్నీ ఒకే వరసలో సాగిపోయేవి. తెలుగు పుస్తకం మొదట అచ్చయింది మన దేశంలో కాదు, జర్మనీలోని హాలె పట్నంలో. 1746-47 ప్రాంతంలో షుల్జ్ అనే మతబోధకుడు పూనుకుని వేయించాడు. పందొమ్మిదో శతాబ్దంలో మద్రాసులో వావిళ్ళ రామస్వామి శాస్త్రుల వంటివారు ముద్రణకి దిగాక పురాణాలూ స్తోత్రాలూ ఇళ్ళకి చేరాయి. తర్వాత గొల్లపూడి వీరాస్వామి సన్, కొండపల్లి వీరవెంకయ్య అండ్ సన్స్ లాంటి రాజమండ్రి సంస్థలు పూజా పుస్తకాలని ఊరూరికీ పంపాయి.

సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి పేర్చే రోజులవి. ఇంగ్లీషుకి చిన్నబడీ పెద్దబడీ ఉంది, వాలు ఉంది. తెలుగు కంపోజిటరుకి గుణింతాలతో ఒత్తులతో వందల గళ్ళే గాని ఆ వయ్యారాలు లేవు. ఏది ముఖ్యమో చూపించడానికి అతని దగ్గరున్న ఉపాయం ఒక్కటే, లావూ సన్నం. మంత్రం తప్పు పలికితే దోషం. కథ తప్పితే ఫరవాలేదు. ఈ మాట నేను కల్పించింది కాదు. స్త్రీల నోముల పుస్తకాల్లో కథ చివర, కథలో లోపం జరిగినా వ్రతానికి లోపం రాదని భరోసా ఇచ్చే వాక్యం ఉంటుంది. కాబట్టి పుటలు మించిపోతుంటే కథనే నొక్కి పెట్టారు కాబోలు. తెలుగు అక్షరం నొక్కితే ముందు చితికేది కిందున్న ఒత్తు. రావత్తేదో యావత్తేదో తెలియని మసక వెలుతురులో, నలభై దాటిన కళ్ళతో చదవాల్సింది ఆడవాళ్ళు.

మా వైపు ఇంకో చిక్కు. 1948 దాకా ఇది నిజాం ఏలుబడి. బడుల్లో ఉర్దూ చదువు. తెలుగు చదవగలిగిన ఆడపిల్ల వీధికొకతె ఉంటే గొప్ప. మా వీధి పెద్దమ్మ ఒకామె చిన్నతనంలో తండ్రి దగ్గర అక్షరాలు నేర్చుకుందట. శ్రావణమాసం వస్తే ఆవిడకి ఇంటింటి నించీ పిలుపే. 'బుక్కుల ఉన్నట్టు సదివితె ఎవలకు సమజైతది బిడ్డా? ఒక ముక్క సదువుడు, మల్ల మన మాటల చెప్పుడు' అంటుంది. పుస్తకంలో 'చనుదెంచెను' అని ఉంటే ఆవిడ నోట 'వచ్చిందట' అయ్యేది. మంత్రాల జోలికి పోతే ఆ స్వేచ్ఛ ఉండేదా? సన్నక్షరం చిన్నచూపే అనుకున్నాను గాని, అందులో ఓ వెసులుబాటు కూడా ఉంది. లావు అక్షరానికి కాపలా ఉంటుంది, దీనికి లేదు.

ఈ పుస్తకాల్లో నాకన్నిటికన్నా ముచ్చటేసేది మాత్రం అక్షరాలు కావు, చుక్కలు. సంకల్పం దగ్గర గోత్రానికి ముందు కొన్ని చుక్కలు, పేరుకి ముందు కొన్ని చుక్కలు. అక్కడ మీ పేరు మీరు చెప్పుకోవాలి. చెప్పుకోగానే, అంతదాకా ఎవరిదో అయిన పుస్తకం మీదయిపోతుంది. మావాడి ఆటలోనూ ఇలాంటి ఖాళీల కాయితం ఒకటి ముందు నింపందే ఎవరూ పాత్ర కారు. అయితే చాలా పుస్తకాల్లో ఆ చుక్కల పక్కనున్నది మగవాడి మాట. ఆడవాళ్ళయితే 'గోత్రవతీ, నామధేయవతీ' అనాలని బ్రాకెట్లో ఉంటుంది, ఉంటే. పిండివంటలు చేసి, ముగ్గులు పెట్టి, ఉపవాసం ఉన్నావిడ వెళ్ళి బ్రాకెట్లో కూర్చోవాలి!

ఊరికీ అంతే. సంకల్పంలో మనం శ్రీశైలానికి ఏ దిక్కున ఉన్నామో చెప్పాలి. కొన్ని పుస్తకాల్లో అక్కడ చుక్కలుంటాయి. కొన్నిట్లో 'ఈశాన్య' అని అచ్చేసి పెడతారు. రాజమండ్రి వాళ్ళకది చక్కగా సరిపోతుంది. మహేశ్వరం ఉన్నది శ్రీశైలానికి ఉత్తరాన. నిక్కచ్చిగా చెప్పాలంటే కాస్త పడమటికి ఒరిగి. శ్రీశైలం రోడ్డు పట్టుకు పోయేవాళ్ళకి ఇది పంతులు చెప్పక్కర్లేదు. అయినా ఏళ్ళ తరబడి శివగంగ కోనేటి పక్కన కూర్చుని ఈశాన్యంలో ఉన్నామని దేవుడికి చెబుతూ వచ్చాం. పెద్దమ్మ పుస్తకంలో ఆ మాట కొట్టేసి పైన బాల్‌పెన్‌తో 'ఉత్తర' అని రాసి ఉంది. ఆవిడ అల్లుడు సర్వేయరు లెండి.

కంప్యూటరు వచ్చాక పుస్తకాలు రంగులు తేలాయి. మంత్రం ఎర్రగా, సూచన పచ్చగా, కథ నల్లగా. వాలు అక్షరం మీట ఒకటి దొరికిందని కొందరు తెలుగునీ వాలుస్తున్నారు. నన్నడిగితే గుండ్రటి మన అక్షరాన్ని పక్కకి వంచితే గాలికి తలకట్టు ఎగిరిపోతున్నట్టుంటుంది. ఇక ఫోనులో చదివేవాళ్ళకి లావూ సన్నం బెంగే లేదు, రెండు వేళ్ళతో కావలసినంత పెంచుకుంటున్నారు. వాళ్ళు పెంచేది కథనే. మంత్రాలు పక్కన రికార్డు చదివేస్తుంది, కథ మాత్రం ఎవరో ఒకరు నోరు విప్పి చదవాల్సిందే.

పోయిన శ్రావణంలో మా వీధిలో ఓ కోడలుపిల్ల అలా చదువుతుంటే, సరిగ్గా చారుమతి రెండో ప్రదక్షిణం దగ్గర ఫోను మోగింది. చేతుల్లో అక్షతలు పట్టుకుని అందరూ ఆగిపోయారు. పెద్దమ్మ ఆగలేదు. కంకణాల దగ్గర్నించి తనే అందుకుంది.