ఒకినావా: జపాన్ గడువు కోసం బలి ఇచ్చిన దీవి

1945 ఏప్రిల్ 1 ఉదయం ఒకినావా పడమటి తీరంలోని హగుషి దగ్గర అమెరికా సేనలు దిగాయి. అంతకుముందు తరావా, సైపాన్ దీవుల్లో కాలు మోపిన రోజే వందల మందిని పోగొట్టుకున్న సైన్యం అది. ఇక్కడ మాత్రం దాదాపు ప్రతిఘటనే ఎదురు కాలేదు. చీకటి పడేలోగా 60 వేల మంది ఒడ్డుకు చేరారు. యోమితాన్, కదేనా విమాన స్థావరాలు తొలిరోజే చేజిక్కాయి. జపాన్ సైన్యం పారిపోలేదు. దక్షిణాన షూరి కొండల కింద నెలల తరబడి తవ్వుకున్న సొరంగాల్లో కాచుకుని ఉంది.

జపాన్ ప్రధాన దీవుల్లో దక్షిణాన ఉన్న క్యూషూకు ఒకినావా సుమారు 550 కిలోమీటర్ల దూరం. జపాన్ మీద దండెత్తాలంటే విమానాలకూ నౌకలకూ అంతకన్నా అనువైన చోటు లేదు. అందుకే అమెరికా లెఫ్టినెంట్ జనరల్ సైమన్ బక్నర్ నాయకత్వంలో 10వ సైన్యాన్ని, 1,80,000 మందికి పైగా బలగాన్ని పంపింది. ఎదురుగా ఉన్నది లెఫ్టినెంట్ జనరల్ ఉషిజిమా మిత్సురు నడిపిన 32వ సైన్యం. దాని బలం సుమారు లక్ష. అందులో 20 వేలకు పైగా అప్పటికప్పుడు చేర్చుకున్న స్థానికులే. ఉషిజిమా చేతిలోని మేటి దళమైన 9వ డివిజన్‌ను 1944 చివర్లోనే తైవాన్‌కు తరలించేశారు. తీరంలో నిలిచి గెలవడం అసాధ్యమని తేలడంతో కర్నల్ యహారా హిరోమిచి మరో వ్యూహం రచించాడు. కొండకొండకూ శత్రువును ఆపుతూ, వీలైనన్ని రోజులు యుద్ధాన్ని సాగదీయాలి. ఆలోగా ప్రధాన దీవులు రక్షణకు సిద్ధమవుతాయి. దీవిని నిలబెట్టుకోవడం ఈ వ్యూహం లక్ష్యం కాదు. అక్కడి జనం గతి ఏమిటన్న ఆలోచనకు అందులో చోటే లేకపోయింది.

సముద్రం మీద పోరు మరో తీరున సాగింది. బాంబులు నింపుకున్న కామికాజే విమానాలు అలలు అలలుగా వచ్చి అమెరికా నౌకలను ఢీకొట్టాయి. 36 నౌకలు మునిగాయి. దాదాపు 4,900 మంది నావికులు మరణించారు. ప్రపంచంలోకెల్లా పెద్ద యుద్ధనౌక యమాతోను కూడా జపాన్ ఈ దాడికే పంపింది. ఏప్రిల్ 7న, ఒకినావా చేరకముందే, అమెరికా విమానాలు దాన్ని ముంచేశాయి. నౌకలోని సుమారు 3,300 మందిలో కొద్ది వందల మందే బతికారు.

నేల మీద షూరి రక్షణ రేఖ దగ్గర అమెరికా సేనలు రెండు నెలలు చిక్కుకుపోయాయి. ఒక శిఖరం గెలిస్తే దాని వెనుక వాలులోంచి జపాన్ మోర్టార్లు మళ్లీ విరుచుకుపడేవి. మయెదా గట్టు మీద, ఆయుధం పట్టనని ప్రతిన బూనిన వైద్య సహాయకుడు డెస్మండ్ డాస్ సుమారు 75 మంది క్షతగాత్రులను కొండ అంచు నుంచి తాళ్లతో దించి కాపాడాడు. ‘హాక్సా రిడ్జ్’ సినిమా చెప్పేది ఆయన కథే. షుగర్‌లోఫ్ అనే చిన్న గుట్ట కోసం మే నెలలో వారం రోజుల పోరులో 2,600 మందికి పైగా మెరైన్లు మరణించారు లేదా గాయపడ్డారు. మే చివర్లో కుండపోత వానలు మొదలయ్యాయి. శవాలూ ట్యాంకులూ ఒకే బురదలో కూరుకుపోయాయి.

యుద్ధం మొత్తంలో ఘోరమైన నిర్ణయం సరిగ్గా అప్పుడే జరిగింది. మే 22న షూరి కోట కింది సొరంగంలో ఉషిజిమా తన అధికారులతో సమావేశమయ్యాడు. అక్కడే ఆఖరి దాకా పోరాడడమా, దక్షిణ కొసకు వెనక్కి తగ్గడమా అన్నది ప్రశ్న. వెనక్కి తగ్గాలనే నిర్ణయించారు. దక్షిణాన గుహల్లో అప్పటికే వేలాది మంది పిల్లలూ ముసలివాళ్లూ తలదాచుకుని ఉన్నారు. సుమారు 30 వేల మంది సైనికులు వచ్చి వాళ్ల మధ్య చేరారు. ఇక అమెరికా ఫిరంగులకు, మంటలు చిమ్మే ట్యాంకులకు సైనికుడెవరో పౌరుడెవరో తేడా లేకుండా పోయింది. ఈ యుద్ధంలో చనిపోయిన ఒకినావా పౌరుల్లో పెద్ద భాగం జూన్ నెలలోనే ప్రాణాలు కోల్పోయారు.

బయట అమెరికా గుళ్లయితే, గుహల లోపల సొంత సైన్యమే భయపెట్టింది. ఒకినావా 1879 దాకా ర్యూక్యూ రాజ్యం. దాని భాష వేరు, ఆచారాలు వేరు. ఆ భాషలో మాట్లాడేవాళ్లను గూఢచారులుగా పరిగణించాలని 32వ సైన్యం ఆదేశించింది. ఆ అనుమానంతో ప్రాణాలు తీసిన ఘటనలు ఎన్నో ఉన్నాయి. గుహల్లోంచి కుటుంబాలను బయటికి గెంటి సైనికులు ఆ చోటు ఆక్రమించారు. అమెరికన్ల చేతికి చిక్కితే చిత్రవధ తప్పదని ముందునుంచీ నూరిపోశారు. చాలామందికి చావడానికి గ్రెనేడ్లు పంచారు. యోమితాన్‌లోని చిబిచిరి గుహలో ఏప్రిల్ 2న 80 మందికి పైగా చనిపోయారు. తల్లులు తమ బిడ్డలను తామే చంపుకున్నారు. అక్కడికి కొద్ది దూరంలోనే షిముకు గుహ ఉంది. అందులో సుమారు వెయ్యి మంది దాక్కున్నారు. వాళ్లలో హవాయిలో పనిచేసి తిరిగొచ్చిన ఇద్దరు ఉన్నారు. అమెరికన్లు చంపరని వాళ్లు నచ్చజెప్పి, ముందు తామే బయటికి వెళ్లి ఇంగ్లిష్‌లో మాట్లాడారు. ఆ వెయ్యి మందీ బతికారు. ఈ రెండు గుహలను పక్కపక్కన పెట్టి చూస్తే, ఆ సామూహిక మరణాలు జనం తమంతట తాము కోరుకున్నవి కావని తేలిపోతుంది.

హిమెయూరి దళంగా పేరుపడిన విద్యార్థినుల గతి కూడా అలాంటిదే. రెండు బాలికల విద్యాసంస్థల నుంచి 222 మంది విద్యార్థినులను, 18 మంది ఉపాధ్యాయులను సైనిక ఆసుపత్రి సేవకు తీసుకెళ్లారు. మూడు నెలల పాటు వాళ్లు గుహల్లో శవాలు మోశారు, కాళ్లూ చేతులూ కోసే శస్త్రచికిత్సల్లో దీపాలు పట్టుకుని నిలబడ్డారు. జూన్ 18న సైన్యం వాళ్ల దళాన్ని రద్దు చేసి, ఎవరి దారి వాళ్లు చూసుకోమంది. అప్పటికి ఆ చుట్టుపక్కల యుద్ధభూమి తప్ప మరేమీ లేదు. ఆ 240 మందిలో 136 మంది మరణించారు. అందులో వంద మందికి పైగా రద్దు ఆదేశం తర్వాతి కొద్ది రోజుల్లో పోయినవాళ్లే.

జూన్ 18నే ఫిరంగి దాడిలో బక్నర్ మరణించాడు. కొద్ది రోజులకే మబుని కొండ దగ్గర ఉషిజిమా ఆత్మహత్య చేసుకున్నాడు. అయితే లొంగిపొమ్మని ఆదేశించలేదు సరికదా, చివరిదాకా పోరాడమనే చెప్పి పోయాడు. లాంఛనంగా లొంగుబాటు పత్రం మీద సంతకాలు జరిగింది సెప్టెంబర్ 7న.

ఒకినావా ప్రభుత్వ లెక్క ప్రకారం మృతులు 2 లక్షల పైచిలుకు. వారిలో అమెరికన్లు 12,520 మంది, ఇతర ప్రాంతాల జపాన్ సైనికులు సుమారు 66 వేలు. సైన్యంలో చేర్చుకున్నవాళ్లను, పౌరులను కలిపితే ఒకినావా వాసులే 1,22,000 మందికి పైగా ఉన్నారు. ప్రతి నలుగురిలో ఒకరు పోయారని అంచనా. ఆ తర్వాత దీవి 1972 మే 15 దాకా అమెరికా పాలనలోనే ఉండిపోయింది. జపాన్‌లో అమెరికా సేనలకు ప్రత్యేకించిన స్థావరాల విస్తీర్ణంలో దాదాపు 70 శాతం ఈనాటికీ ఈ చిన్న ప్రాంతంలోనే ఉంది.

సామూహిక మరణాల్లో సైన్యం పాత్రను పాఠ్యపుస్తకాల్లోంచి తీసేయాలని 2007లో జపాన్ విద్యాశాఖ సూచించింది. ఆ సెప్టెంబర్‌లో గినోవాన్ పట్టణంలో జరిగిన నిరసన సభకు, నిర్వాహకుల లెక్క ప్రకారం, లక్ష మందికి పైగా వచ్చారు. బతికి బయటపడిన వృద్ధులు అక్కడ సాక్ష్యం చెప్పారు. డిసెంబర్‌లో విద్యాశాఖ వెనక్కి తగ్గి, సైన్యం ప్రమేయాన్ని పుస్తకాల్లో పేర్కొనడానికి ఒప్పుకుంది.