పాలంపేట: గుడియు, చెరువును

ఓరుగంటికి ఈశాన్యమున, నేటి ములుగు జిల్లాలో, పాలంపేట యను చిన్న గ్రామము కలదు. రామప్పగుడి యని ప్రసిద్ధమైన అచటి రామలింగేశ్వరాలయమును 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థానముగ గుర్తించినది. గుడికి సుమారు ఒక కిలోమీటరు దూరమున పెద్ద చెరువు కలదు. చూడవచ్చినవారు గుడిని శిల్పుల సృష్టిగను, చెరువును ప్రకృతి సౌందర్యముగను వేరుచేసి వర్ణించుట పరిపాటి. ఈ విభజన చరిత్రకు సరిపడదని నా యభిప్రాయము.

ఆలయ ప్రాంగణమునందలి సంస్కృత శాసనము శకవర్షము 1135, అనగా క్రీ.శ. 1213 నాటిది. గుడిని కట్టించినవాడు కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు. దేవుడు అతని పేర రుద్రేశ్వరుడైనాడు. రామప్ప యను శిల్పి పేర గుడికి పేరు వచ్చినదనుట జనశ్రుతియే కాని శాసనమున కెక్కిన మాట కాదు.

చెరువును రుద్రుని నిర్మాణమే యని చరిత్రకారులు తలంచుచున్నారు. మూడువైపుల కొండలుండగా నాల్గవవైపున కట్టవేసి నీటిని నిలిపిరి. కట్టపై నిలిచి చూచినచో, కొండల నడుమ ఆ నీటిపరపు అనాదిగా నున్నదే యనిపించును. కాని నేల వాలును, నీటి పోకను ఎరిగినవారి పూనికయే దానికి మూలము. గుడియందును ఇట్టి వివేకమే కానవచ్చును. పునాదిలో ఇసుక నింపిరి. బరువు తగ్గుటకై శిఖరమును నీటిపై తేలునంత తేలిక యిటుకలతో కట్టిరి. నల్లరాతి మదనికలను మెచ్చుకొనువారు ఈ కానరాని నేర్పునుగూడ గుర్తింపవలెను.

తటాకము, దేవాలయము, వనము సప్తసంతానములలోనివి. పూర్వులకు చెరువు త్రవ్వించుటయు గుడి కట్టించుటయు ఒకే ధర్మమునకు చెందిన కార్యములు. చెరువు నీటితో పొలము పండును. ఆ పంటలో కొంత దేవునికి ధూపదీప నైవేద్యములగును. కాకతీయుల కాలపు దానశాసనములు పెక్కింట ఈ సంబంధము స్పష్టము.

నేటికిని ఆ చెరువు క్రింద పొలములు పండుచున్నవి. గుడిని కాపాడి, కట్టను, కాలువలను, చుట్టుపట్ల నున్న శిథిలాలయములను ఉపేక్షించినచో వారసత్వమున సగమే నిలుచును. కావున పరిశోధక విద్యార్థులు పాలంపేటకు పోయినప్పుడు శాసనమును చదివి మరలిరాక, కట్ట వెంట నడచి, తూముల వరకు పోయి చూడవలెను. రుద్రుని చరిత్రలో కొంత రాతిమీదను, కొంత నీటి దారిలోను వ్రాయబడియున్నది.