రిజర్వేషన్ దాటినోళ్ల కథ



అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల సందుల్లో కోచింగ్‌కు పోయే మనోళ్ల సంచుల్లో ఒక జిరాక్స్ పుస్తకం ఉంటది. ఎడమ దిక్కు ఇంగ్లిష్ ఇడియం, కుడి దిక్కు అర్థం. మేం హాస్టల్ పిల్లలం నలుగురం పంజాగుట్ట దాకా నడుచుకుంటూ వాటిని ఒకరికొకరం అప్పజెప్పుకుంటాం. బస్సు పైసలు మిగులుతయి, చదువు కూడా అయితది.

మొన్న క్లాసులో 'ఆఫ్ ద రిజర్వేషన్' వచ్చింది. చెప్పినట్టు వినకుండా ఇష్టమొచ్చిన దారిలో పోవడం అని అర్థం. రిజర్వేషన్ అనే మాట వినంగనే వెనక బెంచీల్లో నవ్వులు, చూపులన్నీ మా దిక్కే. తల వంచుకొని రాసుకున్నాం. రాత్రి హాస్టల్‌కు వచ్చాక ఆ మాట పుట్టుక వెతికినం.

అమెరికాలో ఆ మాటకు అర్థం సీటు కాదు, కోటా కాదు. అక్కడి ఆదివాసుల భూములు గుంజుకొని, వాళ్లు ఇక్కడే ఉండాలని సర్కారు గీత గీసిన జాగా. 19వ శతాబ్దంలో అనుమతి లేకుండా ఆ గీత దాటితే సైన్యం వెంటపడేది. పోంకా అనే తెగను 1877లో నెబ్రాస్కా నుంచి దక్షిణాన, ఇప్పటి ఓక్లహోమా వైపు తరిమారు. అక్కడ జబ్బులతో చాలామంది చచ్చిపోయారు. తెగ పెద్ద స్టాండింగ్ బేర్ కొడుకు కూడా పోయాడు. తనను సొంత నేలలోనే పూడ్చాలన్నది ఆ పిల్లగాడి కోరిక. 1879 జనవరి చలిలో కొడుకు ఎముకలు తీసుకొని తండ్రి బయలుదేరాడు, వెంట కొద్దిమంది. సైన్యం పట్టుకుంది. కేసు కోర్టుకు పోయింది. చట్టం దృష్టిలో ఇండియన్ కూడా మనిషేనని మే నెలలో తీర్పు వచ్చింది. మనిషే అని చెప్పడానికి ఒక కోర్టు కావాల్సి వచ్చింది చూడండి!

మన దగ్గర కూడా ఇట్లాంటి గీతలే ఉండేవి. ఇంగ్లిషోళ్లు 1871లో క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చారు. 1911 తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీలో ఎరుకలోళ్లను సెటిల్‌మెంట్లలో పెట్టారు. బాపట్ల దగ్గరి స్టూవర్టుపురం అట్ల వచ్చిందే. హాజరు వేయించుకోవాలి, పాస్ లేకుండా బయటికి పోవద్దు. దేశమంతా ఆ చట్టం పోయేసరికి 1952 అయింది.

అదే పుస్తకంలో 'బరీ ద హ్యాచెట్' కూడా ఉంది. పాత పగలు మర్చిపోవడం అని అర్థం. అదీ అమెరికా ఆదివాసులదే. ఇరోక్వా తెగలు రాజీ పడినప్పుడు ఆయుధాలు చెట్టు కింద పాతిపెట్టాయని వాళ్ల కథ. ఒప్పందం అయినప్పుడు గొడ్డలి పూడ్చే ఆచారం చూసి ఇంగ్లిషోళ్లు ఆ మాట ఎత్తుకున్నారు. పుస్తకంలో ఈ ముచ్చట ఒక్క ముక్క లేదు.

మా జిరాక్స్‌లో ఆ ఇడియం పక్కన స్టాండింగ్ బేర్ పేరు, 1879 అని పెన్నుతో రాసుకున్నాం. ఇప్పుడు పంజాగుట్ట దాకా అప్పజెప్పుకునేటప్పుడు ఆ రెండూ కలిపే చెప్తున్నాం. మీ పుస్తకాల్లో ఇట్లాంటివి తగిలితే కింద రాయండి.