మెదడు గాయం తర్వాత కణ సంకేతాలు

తలకు దెబ్బ తగిలిన క్షణంలోనే రక్తనాళాలు చిట్లుతాయి, నాడీ తంతువులు సాగి దెబ్బతింటాయి. దీన్ని ప్రాథమిక గాయం అంటారు. జరిగిపోయిన ఈ నష్టాన్ని ఏ వైద్యమూ రద్దు చేయలేదు. ఆ తర్వాత గంటలు, రోజుల పాటు కణాల మధ్య సంకేతాలు అదుపు తప్పడం వల్ల పెరిగే నష్టం ద్వితీయ గాయం. వైద్యులు అడ్డుకోగలమని ఆశపడేది దీన్నే.

ఆరోగ్యంగా ఉన్న మెదడులో గ్లుటమేట్ ఒక కణం నుంచి మరో కణానికి కబురు మోసే రసాయనం. నేర్చుకోవడానికీ, గుర్తుంచుకోవడానికీ అది కావాలి. దెబ్బ తగలగానే నాడీకణాలు దాన్ని ఒక్కసారిగా కుమ్మరిస్తాయి. మిగులును పీల్చుకోవలసిన ఆస్ట్రోసైట్లు అనే సహాయక కణాలు ఆ పని సరిగా చేయలేవు. మామూలుగా గ్లుటమేట్‌ను అందుకునే ఎన్‌ఎండీఏ గ్రాహకపు ద్వారానికి మెగ్నీషియం బిరడాలా అడ్డుపడి ఉంటుంది. అది తొలగిపోవడంతో కాల్షియం లోపలికి దూసుకొస్తుంది, పొటాషియం బయటికి పోతుంది. ఈ తేడాను సరిచేయడానికి కణంలోని పంపులు కణపు ఇంధనమైన ఏటీపీని విపరీతంగా ఖర్చు చేస్తాయి. తరచు సరిగ్గా అప్పుడే మెదడుకు రక్తప్రసరణ తగ్గుతుంది. శరీర బరువులో 2 శాతమే ఉన్నా 20 శాతం ఆక్సిజన్ వాడుకునే అవయవానికి అది తట్టుకోలేని కరువు. గిజా, హవ్డా అనే శాస్త్రవేత్తలు 2001లో ఈ వరుసను ఒక జీవక్రియా పరంపరగా వివరించారు.

అన్నిటికన్నా ప్రమాదం కాల్షియంతోనే. కణం లోపల దాని గాఢత బయటికంటే సుమారు 10 వేల రెట్లు తక్కువ కాబట్టి, కాస్త పెరిగినా కణానికి అది ఆజ్ఞే. ఆ ఆజ్ఞ ఆగకుండా వస్తుంటే కాల్‌పైన్ ఎంజైములు కణపు చట్రంలోని స్పెక్ట్రిన్‌ను ముక్కలు చేస్తాయి. కాల్షియంతో నిండిన మైటోకాండ్రియాల నుంచి సైటోక్రోమ్-సి కారి, కాస్పేజ్ ఎంజైములను మేల్కొలుపుతుంది. కణం తనను తాను చంపుకునే క్రమం మొదలవుతుంది. మరోపక్క మెదడులోని రోగనిరోధక కణాలైన మైక్రోగ్లియా శిథిలాలను ఊడుస్తూనే వాపు పెంచే సైటోకైన్లను విడుదల చేస్తాయి. ఈ చర్య మేలుకూ కీడుకూ కూడా కారణమవుతుంది.

ఇంత తెలిసినా మందు దొరకలేదు. ఎన్‌ఎండీఏ ద్వారపు బిరడాను తిరిగి బిగించాలని మెగ్నీషియం సల్ఫేట్ ఇచ్చి చూస్తే మేలు జరగలేదని 2007లో తేలింది. వాపు తగ్గిస్తుందనుకున్న స్టెరాయిడ్‌ను 10,008 మందిపై జరిగిన క్రాష్ అధ్యయనంలో పరీక్షించారు. రెండు వారాల్లో మరణాలు ఉత్తుత్తి మందు తీసుకున్నవారిలో 17.9 శాతం కాగా, స్టెరాయిడ్ తీసుకున్నవారిలో 21.1 శాతం. అంతవరకూ చాలాచోట్ల వాడుతూ వచ్చిన మందు అది.

రోగనిర్ధారణలో మాత్రం ఫలితం కనిపించింది. గాయపడిన కణాల నుంచి రక్తంలోకి చేరే జీఎఫ్‌ఏపీ, యూసీహెచ్-ఎల్1 ప్రోటీన్లను కొలిచే పరీక్షకు 2018లో అమెరికా అనుమతించింది. స్వల్ప తలగాయమైన పెద్దవారికి సీటీ స్కాన్ అవసరమా కాదా తేల్చడానికి, దెబ్బ తగిలిన 12 గంటల్లోపు ఈ పరీక్ష చేస్తారు.