పట్టా విరగకముందే పగులు చూడాలంటే: సింక్రోట్రాన్ ఎక్స్‌రే మైక్రోస్కోపీ

ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయి-3 మీదుగా హౌరా–ముంబై రైలు మార్గం వెళ్తుంది. దగ్గర్లోని భిలాయి ఉక్కు కర్మాగారం చాలా కాలంగా భారతీయ రైల్వేకు పట్టాలు అందిస్తోంది. సోవియట్ సహకారంతో కట్టిన ఈ కర్మాగారంలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ 1959 ఫిబ్రవరి 4న ప్రారంభమైంది.

పట్టా పైకి నున్నగా కనిపించినా లోపల లోపం ఉండొచ్చు. కరిగిన ఉక్కులో చేరిన హైడ్రోజన్ పూర్తిగా బయటికి పోకపోతే, చల్లబడ్డాక సన్నని పగుళ్లు పుడతాయి. ఆక్సైడ్ మలినాలూ బలహీన బిందువులే. చక్రాల బరువు పదేపదే పడుతుంటే పగులు పెరుగుతుంది. చివరకు పట్టా విరగొచ్చు, రైలు పట్టాలు తప్పొచ్చు.

సింక్రోట్రాన్ అంటే?

దాదాపు కాంతి వేగంతో పరుగెత్తే ఎలక్ట్రాన్లను అయస్కాంతాలు వంచినప్పుడు అవి తీవ్రమైన కాంతిని వెదజల్లుతాయి. ఈ కాంతిని 1947లో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ ప్రయోగశాలలో తొలిసారి చూశారు. మన దేశంలో ఇండోర్‌లోని రాజా రామన్న ప్రగత ప్రౌద్యోగికీ కేంద్రంలో ఇండస్-1, ఇండస్-2 ఉన్నాయి. ఇండస్-2లో ఎలక్ట్రాన్ల శక్తి 250 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టులు, వలయం చుట్టుకొలత సుమారు 172 మీటర్లు.

చూసే విధానం

మామూలు గాజు కటకం ఎక్స్‌రేలను దాదాపుగా వంచలేదు. అందుకే ఒక పద్ధతిలో, అతి సన్నని వలయాలు చెక్కిన జోన్ ప్లేటుతో కిరణాలను కేంద్రీకరిస్తారు. ఇలా నానోమీటర్ల స్థాయి వివరాలు కనిపిస్తాయి. మరో పద్ధతి టోమోగ్రఫీ. నమూనాను కొద్దికొద్దిగా తిప్పుతూ వందలాది చిత్రాలు తీసి, కంప్యూటర్‌లో త్రిమితీయ రూపం కడతారు. ఆసుపత్రి సీటీ స్కాన్‌ది ఇదే సూత్రం. నమూనాను ముక్కలు చేయకుండానే పగులు ఏ మలినం దగ్గర మొదలైందో, ఎటు పాకిందో తెలుస్తుంది.

పరిమితులు

ఇనుము ఎక్స్‌రేలను బాగా పీల్చుకుంటుంది. సూక్ష్మ వివరాలు కావాలంటే నమూనా మిల్లీమీటరు, అంతకన్నా తక్కువ మందం ఉండాలి. అంత చిన్న ముక్క మొత్తం పట్టా గురించి హామీ ఇవ్వలేదు. హైడ్రోజన్ తేలికైన మూలకం కాబట్టి ఎక్స్‌రేకు నేరుగా దాదాపు కనిపించదు. అది మిగిల్చిన పగులే కనిపిస్తుంది.

అందువల్ల కర్మాగారంలోనూ, లైన్ మీదా పట్టాల తనిఖీకి అల్ట్రాసోనిక్ పరీక్షే ఆధారం. ద్రవ ఉక్కు నుంచి హైడ్రోజన్‌ను తొలగించేందుకు వాక్యూమ్ డీగ్యాసింగ్ ఉంది. లోపం ఎక్కడుందో అల్ట్రాసోనిక్ పరీక్ష చెబుతుంది. అది ఎందుకు పుట్టిందో తేల్చడంలో సింక్రోట్రాన్ తోడ్పడుతుంది. ఆ కారణం తెలిస్తేనే ఉక్కు తయారీలో ఏం మార్చాలో నిర్ణయించగలరు.