ద్రోణాచల ప్రాంతము - చరిత్రాన్వేషణము

వెదకుట యొక విద్య. మూలికను వెదకువానికి ఆకును గుర్తించు కన్ను కావలెను. చరిత్రను వెదకువానికి ఆయా కాలములందు ఊళ్లకు, వస్తువులకు గల పేర్లు తెలిసియుండవలెను. నేడు ఇంటర్నెట్టులో సమాచారమును వెదకి యిచ్చు సెర్చి ఇంజన్లు విద్యార్థుల చేతులలోనే యున్నవి. అయినను ఈ విద్య యొక్క అవసరము తగ్గలేదు. డోన్ ప్రాంత చరిత్రయే యిందుకు నిదర్శనము.

డోనుకు నైరుతి దిక్కున తుగ్గలి మండలములో ఎర్రగుడి యున్నది. అచ్చటి గుండ్లమీద అశోకుని పదునాలుగు శాసనములును, లఘుశిలాశాసనములును రెండువేల యేండ్లకు పైగా నిలిచియున్నవి. పసులకాపరులు వానిని చూచియే యుందురు. కాని చదువగలవారు లేకపోయిరి. 1837లో జేమ్స్ ప్రిన్సెప్ బ్రాహ్మీలిపి రహస్యమును ఛేదించెను. ఆ తరువాత 1928-29 ప్రాంతమున అనూ ఘోష్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు ఆ గుండ్లను గుర్తించిన పిదపనే అవి చరిత్ర కెక్కినవి. డోనుకు తూర్పున బేతంచెర్ల చెంత బిల్లసర్గం గుహలు గలవు. వానిని గూర్చి 1844లో న్యూబోల్డు వ్రాసెను. నలువది యేండ్ల తరువాత రాబర్టు బ్రూస్ ఫుట్, అతని కుమారుడు హెన్రీ అచ్చట త్రవ్వకములు జరిపిరి. న్యూబోల్డు వ్రాసిపెట్టిన మాట వారికి దారి చూపినది.

కడపలో సి. పి. బ్రౌన్ దొర తెలుగు కావ్యముల తాళపత్ర ప్రతులను సేకరించుటతో తృప్తి పడలేదు. ఒక్కొక్క గ్రంథమునకు పెక్కు ప్రతులు తెప్పించి, పండితులచే పాఠభేదములను సరిచూపించెను. దొరకిన మొదటి ప్రతియే సరియైనదని యాయన యెన్నడు నమ్మలేదు.

ఇక యంత్రముల మాట. 1990లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయమున పుట్టిన ఆర్చీ కేవలము ఫైళ్ల పేర్ల పట్టిక. 1995లో వచ్చిన ఆల్టావిస్టా పుటలలోని మాటలన్నింటిని సూచికగా కూర్చినది. 1998లో ఆరంభమైన గూగుల్ ఒక పుటను ఎన్ని పుటలు, ఎట్టి పుటలు ఉదహరించుచున్నవో లెక్కించి వరుస నేర్పరచినది. మనము ప్రశ్న వేసినప్పుడు యంత్రము లోకమంతయు తిరిగిరాదు. పుస్తకము చివర నుండు పదసూచిక వంటిదానిని ముందే కూర్చుకొని, దానిలో చూచి చెప్పును. కావున పుట వ్రాసినవాడు వాడిన మాటయే మన ప్రశ్నలోను ఉండుట మేలు. నేటి యంత్రములు పర్యాయపదములను కొంత గ్రహించుచున్నను, పాత ఊరిపేర్ల విషయమున వానినే నమ్ముకొనరాదు.

డోనుకు ద్రోణాచలమని పూర్వనామము. ఆ పేరుతో వెదకనివానికి పాత విషయములు కొన్ని కంటబడవు. ఇంగ్లీషున ఈ ఊరిపేరులో చివరి యక్షరము మారినచో క్రికెట్ వీరుడు ధోనీ ప్రత్యక్షమగును! ఎర్రగుడిని కొందరు 'వై' అక్షరముతోను, కొందరు 'ఇ' అక్షరముతోను ఆరంభించిరి. కడప ఇంగ్లీషు వర్ణక్రమము 2005లో మారినది. అంతకు ముందటి పత్రములను 'సి' అక్షరపు పాత వర్ణక్రమముతో వెదకవలెను. కర్నూలు పూర్వనామము కందనవోలు. కావున వెదకుటకు ముందు పేర్లన్నిటిని ఒక కాగితముపై వ్రాసికొనుట మంచిది.

ప్రశ్న క్లుప్తముగను, నిర్దిష్టముగను ఉండవలెను. 'కర్నూలు చరిత్ర' అన్నచో సముద్రము పైబడును. 'కర్నూలు రాజధాని 1953' అన్నచో ఆంధ్రరాష్ట్రావతరణము దొరకును. పదములను కొటేషన్ గుర్తుల నడుమ నుంచిన, ఆ మాటలే ఆ వరుసలోనే గల పుటలు వచ్చును. అక్కరలేని మాటకు ముందు మైనస్ గుర్తు ఉంచిన, ఆ మాట గలవి తొలగును. తెలుగున విభక్తులు పదముల కంటుకొనును గనుక 'డోనులో', 'డోనుకు' అనుటకంటె 'డోన్' అను మూలరూపమే మేలు.

దొరకినదానికి కాలనిర్ణయము చేయుట మరియొక విధి. ఒక పుట డోన్ కర్నూలు జిల్లాలోనిదనును. మరియొకటి నంద్యాల జిల్లాలోనిదనును. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా ఏర్పడినది. ఆ తేదీ తెలిసినవానికి రెండు మాటలును వాని వాని కాలమున సత్యములే. పుటల వరుసలో మొదట నుండుట ప్రసిద్ధికి గుర్తు గాని సత్యమునకు ప్రమాణము కాదు. ప్రకటనలు సైతము ఆ వరుసలో చేరుచుండును. బ్రౌన్ దొర ప్రతులను పోల్చినట్లు పుటలను పోల్చి చూడవలెను.

యంత్రమునకు దొరకనిదెల్ల లేదనుకొనుటయు తగదు. 1886లో నరహరి గోపాలకృష్ణమశెట్టి రచించిన కర్నూలు జిల్లా మాన్యువల్ వంటి పాత గ్రంథముల ఛాయాప్రతులలో యంత్రము అక్షరములను పొరపాటుగా చదువుట కద్దు. అట్టిచోట పుటలను స్వయముగా త్రిప్పవలసినదే. యూనికోడు వ్యాప్తికి రాకపూర్వము సొంత ఫాంట్లతో వెలువడిన తెలుగు పుటలును అన్వేషణకు అందకపోయినవి.

వీనికంటె పెద్ద లోటు మరియొకటి గలదు. ఎవరును వ్రాయని విషయము ఏ సూచికలోను చేరదు. పాడుబడిన బావి, పేరు మారిన వీధి, గుడిముందరి రాతిపలక వృద్ధుల జ్ఞాపకములోనే యున్నవి. ఆ వృద్ధులతో అవియు పోవును. కావున ఈ ప్రాంతపు విద్యార్థులు వెదకుట నేర్చుటతోపాటు, తమ యూరి సంగతులను పాతపేరును, కొత్తపేరును, తేదీని చేర్చి వ్రాసిపెట్టుటయు నేర్వవలెను. రేపు వెదకువారికి అదియే దారి చూపును.